దేహం మారితే వెంట వచ్చేదేమిటి?

తెలుగు ఊళ్లలో ఎవరైనా పోతే ఘంటసాల భగవద్గీత పెట్టడం పరిపాటి. దేహం నశిస్తుంది, ఆత్మకు చావు లేదు అన్న ఆ మాట అనాదిగా ఇలాగే ఉందనిపిస్తుంది. నిజానికి అది చాలా వాదాలు దాటుకుని వచ్చింది.

ఋగ్వేదం పదో మండలంలోని దహన సూక్తంలో పునర్జన్మ సిద్ధాంతం స్పష్టంగా కనబడదు. పోయినవాడి కన్ను సూర్యుడిలో, ప్రాణం గాలిలో కలవాలనీ, అతడు పితరులను చేరాలనీ అందులోని కోరిక. బృహదారణ్యకోపనిషత్తులో ఆర్తభాగుడు సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు: అన్నీ అలా కలిసిపోతే ఇక మనిషి ఎక్కడున్నట్టు? ఆ ప్రశ్నకు యాజ్ఞవల్క్య ఋషి సభలో అందరి ముందు జవాబివ్వలేదు. చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు. వాళ్లు మాట్లాడుకున్నది కర్మ గురించి అని ఉపనిషత్తు చెబుతుంది.

ఛాందోగ్యంలో ఇంద్రుడు, విరోచనుడు ఆత్మను తెలుసుకోవాలని ప్రజాపతి దగ్గర 32 ఏళ్లు ఉంటారు. నీళ్లలో తమ నీడ చూసుకుని, అలంకరించిన దేహమే ఆత్మ అనుకుని విరోచనుడు తృప్తిగా వెళ్లిపోతాడు. దేహం గుడ్డిదైతే ఆత్మా గుడ్డిదే అవుతుంది కదా అన్న అనుమానంతో ఇంద్రుడు దారి మధ్యలోంచి వెనక్కి వస్తాడు. మొత్తం 101 ఏళ్ల శుశ్రూష తర్వాత గానీ అతడికి ఉపదేశం పూర్తి కాదు.

ఆత్మ మారదని తేలాక అసలు చిక్కు మొదలైంది. మార్పు లేనిదానికి పుణ్యపాపాలు ఎలా అంటుతాయి? ఒక జన్మ నుంచి ఇంకో జన్మకు వాటిని మోసేదేది? నిత్యమైన ఆత్మే అక్కర్లేదు, కర్మ ప్రవాహం చాలన్నారు బౌద్ధులు. దేహం తప్ప వేరే ఏదీ లేదన్నారు చార్వాకులు. పురుషుడు (ఆత్మ) కదలడు, జన్మలెత్తేది ప్రకృతి నుంచి పుట్టిన సూక్ష్మశరీరమే అన్నది సాంఖ్యం.

న్యాయ దర్శనం వారైన నైయాయికులు ఉయ్యాలలోని పసివాడిని సాక్ష్యానికి పిలిచారు. ఎవరూ నేర్పకుండానే పాల కోసం వెతుక్కుంటాడంటే పూర్వజన్మ అలవాటు ఉండాలన్నారు. ఇనుము అయస్కాంతం వైపు పోవడం లాంటిదేగా అని ప్రతివాది అడ్డుపడ్డాడు. ఆకలి, కోరిక ఉన్న పనికి అది పోలిక కాదని వీళ్ల జవాబు. వీళ్ల లెక్కలో ఆత్మ నిత్యం. జ్ఞానం, సుఖదుఃఖాలు దానిలో వచ్చిపోయే గుణాలు.

శంకరులు ఈ రాకపోకలన్నీ అవిద్య వల్ల తోచేవే అన్నారు. రామానుజులు జీవుడి స్వరూపం మారదనీ, అతడి జ్ఞానం మాత్రం కర్మను బట్టి ముడుచుకుంటుంది, విచ్చుకుంటుందనీ చెప్పారు.

నైయాయికుల బాటలోనే 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో ఆత్మను భూమి, నీరు, గాలి ఉన్న వరసలోనే తొమ్మిది ద్రవ్యాల్లో ఎనిమిదోదిగా చేర్చాడు. తర్కం నేర్చే విద్యార్థులు ఈనాటికీ ఆ పుస్తకంతోనే మొదలుపెడతారు. ఆత్మ నిత్యమన్నంత వరకే ఆస్తిక దర్శనాలది ఒక మాట. అది ఒకటా, అనేకమా, మార్పు దాని గుణాల్లోనా, ప్రకృతిలోనా అన్న దగ్గర ఎవరి దారి వారిదే.