బాబాయి రికార్డులు, నా హార్డ్‌డిస్కు

కిందటి దసరాకి రాజమండ్రి వెళ్తే బాబాయి ముందుగది నిండా అట్టపెట్టెలు. ఇల్లు అమ్మేసి హైదరాబాదులో కొడుకు ఫ్లాటుకి మారుతున్నారు. నలభై ఎల్.పి.లు, అరవై దాకా పాత లక్క రికార్డులు, ఒక టర్న్‌టేబుల్. "అక్కడ వీటికి చోటు లేదటరా. నువ్వు పట్టుకుపో" అన్నాడు.

నాకు మాత్రం చోటెక్కడిది? అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి, హార్డ్‌డిస్కులో దాచుకుని, రికార్డులు ఎవరికైనా ఇచ్చేద్దామన్నాను. బాబాయికి కోపం వచ్చింది. "ఫోన్లో వచ్చేది పాట కాదురా. పాటకి తీసిన ఫొటో" అన్నాడు.

ఈ తగవు మా ఇంట్లో పుట్టింది కాదు. అసలుకీ నకలుకీ తేడా చెవికి తెలుస్తుందా అన్న ప్రశ్న రికార్డులంత పాతది. 1915 నుంచి 1925 దాకా ఎడిసన్ కంపెనీ అమెరికాలో ఊరూరా ఒక ప్రదర్శన పెట్టేది. వేదిక మీద ఒక గాయని, పక్కనే ఫోనోగ్రాఫు. ఆవిడ రికార్డుతో గొంతు కలిపి పాడుతుంది. మధ్యలో దీపాలు ఆరిపోతాయి, పాట మాత్రం ఆగదు. మళ్ళీ వెలుతురు వచ్చేసరికి గాయని ఉండదు, పాడుతున్నది యంత్రం. తేడా తెలియలేదని జనం ఆశ్చర్యపోయేవారు. అప్పట్లో రికార్డింగుకి మైక్రోఫోను కూడా వాడేవాళ్ళు కాదు, కొమ్ములోకి పాడేవారు. ఆ రికార్డులు ఇవాళ వింటే బావిలోంచి మాట్లాడినట్టుంటాయి. ఆ ప్రదర్శనల్లో పాడిన అన్నా కేస్ చాలా ఏళ్ళ తర్వాత అసలు సంగతి చెప్పింది. యంత్రం గొంతులా వినిపించేలా తన గొంతునే మార్చుకుని పాడేదట!

బాబాయి "ప్రాణం ఉంది" అనే ఎల్.పి. 1948లో కొలంబియా కంపెనీ తెచ్చింది. అంతకుముందువి నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులు. ఆ లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది. ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర, అంతే. రాగాలాపన అయినా, నాటక పద్యమైనా అందులో సర్దుకోవాల్సిందే. ఎల్.పి. వచ్చాక వైపుకి ఇరవై నిమిషాలు దాటింది, గరగర తగ్గింది.

అయితే గాడికి తన హద్దులు తనకున్నాయి. మంద్ర ధ్వనుల్ని ఉన్నదున్నట్టు చెక్కితే గాడి మరీ వెడల్పై చోటు తినేస్తుంది. అందుకని వాటిని తగ్గించి, పై ధ్వనుల్ని పెంచి చెక్కుతారు. వినేటప్పుడు ఆంప్లిఫయరు దాన్ని తిరగేస్తుంది. దీనికి అందరూ ఒప్పుకున్న కొలత 1954లో వచ్చింది. ఇంకో చిక్కు ఉంది. బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకి సుమారు 50 సెంటీమీటర్లు కదిలితే, లోపలికి వచ్చేసరికి 21 సెంటీమీటర్లే. అందుకే ఒక వైపు చివరి పాటలో పదును తగ్గుతుంది. బాబాయి "వెచ్చదనం" అనేదాంట్లో ఇలాంటి లోట్లకీ కొంత వాటా ఉంది.

సీడీ 1982లో జపాన్లో వచ్చింది. సెకనుకి 44,100 సార్లు ధ్వనిని కొలిచి అంకెలుగా రాస్తుంది. "మధ్యలో ముక్కలు పోతాయి కదా, మెట్లు మెట్లుగా ఉండదా?" అని చాలామంది అడుగుతారు. ఉండదు. ఒక ధ్వనిలోని అత్యధిక పౌనఃపున్యానికి రెండింతల కంటే ఎక్కువసార్లు కొలిస్తే ఆ అలని తిరిగి పూర్తిగా గీయొచ్చని క్లాడ్ షానన్ 1949 నాటి వ్యాసంలోనే రుజువు చేశాడు. మనిషి చెవి హద్దు సుమారు 20,000 హెర్ట్జ్, అదీ కుర్రతనంలో. ఇక మెల్లని ధ్వనికీ పెద్ద ధ్వనికీ మధ్య ఎడం సీడీలో 96 డెసిబెల్స్ దాకా ఉంటే, మంచి ఎల్.పి.లో 70 దగ్గర ఆగిపోతుంది.

ఇదంతా చెప్తే బాబాయి "అంకెలు నాకెందుకురా, చెవులున్నాయిగా" అన్నాడు. సరే, చెవులతోనే తేల్చుకుందామన్నాను. దీనికో పాత ఉదాహరణ ఉంది. లిన్ టర్న్‌టేబుళ్ళ సంస్థ పెట్టిన ఐవర్ టీఫెన్‌బ్రన్ డిజిటల్‌ని గట్టిగా వ్యతిరేకించేవాడు. 1984లో ఆయనకి ఎల్.పి.నే వినిపించారు. ఒకసారి నేరుగా, ఒకసారి మధ్యలో సోనీ డిజిటల్ రికార్డరు గుండా. ఏది ఏదో ఆయన నికరంగా చెప్పలేకపోయాడు.

మేమూ అదే చేశాం. ఘంటసాల భగవద్గీత ఎల్.పి. పెట్టి, ఒక తీగ నేరుగా, ఇంకోటి నా లాప్‌టాప్ గుండా ఆంప్లిఫయరుకి కలిపాను. రెండిటి వాల్యూమూ సమానం చేశాను. బాబాయి వెనక్కి తిరిగి కూర్చున్నాడు. మీట నొక్కే పని పిన్నిది. పదిసార్లలో బాబాయి ఐదుసార్లు సరిగ్గా చెప్పాడు. నేను కూర్చుంటే ఆరు. బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అంతే వచ్చేది.

అంటే గాడిలో ఉన్న వెచ్చదనం, గరగర, అన్నీ అంకెల్లో ఇమిడిపోయాయి. మరి ఫోన్లో పాత పాట ఎందుకు పీలగా ఉంటుంది? ఇందులో బాబాయి చెవి తప్పేం లేదు. అతను విన్న తేడా నిజం, నేరం మాత్రం వేరేవాళ్ళది. అరిగిన రికార్డు నుంచి ఎత్తిన పాట, దానికి గరగర తీసే సాఫ్ట్‌వేర్. ఆ గరగరా, మన స, శ, ష లూ, పద్యానికి ముందు గాయకుడు తీసుకునే ఊపిరీ దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. ఒకదాన్ని మోటుగా కోస్తే రెండోదీ తెగుతుంది. ఆపైన 128 కిలోబిట్ల ఎంపీత్రీ. అది సీడీలో ఉన్న సమాచారంలో పదకొండో వంతు. కొత్త ఆల్బమ్‌లదీ ఇలాంటి కథే. 2008లో మెటాలికా "డెత్ మాగ్నెటిక్" సీడీ హోరు భరించలేక, వీడియో గేములో వచ్చిన అవే పాటలు నయమన్నారు అభిమానులు. రెండూ డిజిటలే. తేడా అంతా చివర్లో పడ్డ చేతిది.

కాబట్టి ఇవాళ వేలు పోసి కొత్త ఎల్.పి. కొనేవాళ్ళు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: దీన్ని దేన్నుంచి చెక్కారు? అసలు టేపుల నుంచి చెక్కుతుందని పేరున్న మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికన్ కంపెనీ, ఎన్నో ఏళ్ళుగా మధ్యలో డిజిటల్ నకలు వాడుతున్నామని 2022లో ఒప్పుకుంది. అన్నాళ్ళూ ఆ రికార్డుల్ని అనలాగ్ మహిమ అని మెచ్చుకున్న నిపుణులున్నారు!

పందెం నేనే గెలిచాననుకున్నాను. బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇవి ఇంక అక్కర్లేదంటావా?" అన్నాడు.

సమాధానం వెంటనే రాలేదు. ఆ రాత్రి లక్క రికార్డుల పెట్టె విప్పి, ఒక్కో లేబులూ చదివి నెట్లో వెతికాను. చాలావరకు దొరికాయి. ఒక నాటక పద్యం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. అప్పుడు తట్టింది. నేను చేసే కాపీ నా దగ్గరున్న ముల్లుతో, నాకు తెలిసినంత మేరకు చేసేది. రేపు ఇంకొకరు ఇంకా మంచి పరికరంతో ఇదే గాడిలోంచి ఇంకాస్త ఊపిరిని బయటికి తీయొచ్చు. గాడి ఉంటేనే కదా! పుస్తకం అచ్చయిందని తాళపత్రాన్ని పొయ్యిలో పెట్టం. వినడానికి డిజిటల్ చాలు. అది సరిగ్గా ఎక్కిందో లేదో ఎప్పటికైనా సరిచూసుకోవడానికి మాత్రం రికార్డు కావాలి.

"అక్కరుంది బాబాయ్" అన్నాను పొద్దున్నే.

ఇప్పుడు ఆ పెట్టెలు నా మంచం కింద ఉన్నాయి. కాపీలు ఒక్కొక్కటే చేస్తున్నాను, ఏమీ శుభ్రం చేయకుండా. మొన్న గీత పంపిస్తే విని ఫోన్ చేశాడు. మూడో శ్లోకం దగ్గర చిన్నప్పుడు నేను పెట్టిన గీటుంది, టక్కుమంటుంది.

"అది తియ్యలేదేంరా?" అన్నాడు.

"తియ్యమంటావా?"

"వద్దులే, ఉండనీ."