లూయిస్ ఎన్రికే: మెస్సీని బెంచ్‌పై కూర్చోబెట్టాడు.. ఎంబాపే వెళ్లిపోయాక యూరప్‌నే గెలిచాడు!

మెస్సీ, నేమార్, ఎంబాపే.. ఈ ముగ్గురూ ఒకే జట్టులో ఆడారు. అయినా ప్యారిస్ క్లబ్ పీఎస్‌జీకి ఛాంపియన్స్ లీగ్ కప్పు రాలేదు. ముగ్గురూ ఒక్కొక్కరుగా వెళ్లిపోయాక వచ్చింది. 2025 మే 31న జర్మనీలోని మ్యూనిక్‌లో జరిగిన ఫైనల్లో పీఎస్‌జీ 5-0తో ఇటలీ క్లబ్ ఇంటర్ మిలాన్‌ను చిత్తు చేసింది. ఈ టోర్నీ ఫైనల్లో అప్పటిదాకా ఏ జట్టూ ఇంత భారీ తేడాతో గెలవలేదు.

ఆ విజయం వెనక ఉన్న కోచ్ లూయిస్ ఎన్రికే. "ఎంత పెద్ద స్టార్ అయినా జట్టు తర్వాతే" అన్నది ఈ స్పెయిన్ మాజీ ఆటగాడి రూల్. ఆ రూల్ వల్ల ఎన్రికే ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు, తిట్లు తిన్నాడు. చివరికి అదే అతడిని టాప్‌లో నిలబెట్టింది. అసలు ఎవరీ ఎన్రికే? కెరీర్ ఎలా సాగింది? పూర్తి వివరాలు చూద్దాం.

గిహోన్ కుర్రాడు.. ఒలింపిక్ గోల్డ్

పూర్తి పేరు లూయిస్ ఎన్రికే మార్టినెజ్ గార్సియా. 1970 మే 8న ఉత్తర స్పెయిన్‌లోని సముద్రతీర పట్టణం గిహోన్‌లో పుట్టాడు. సొంతూరి క్లబ్ స్పోర్టింగ్ గిహోన్‌తోనే 1989లో కెరీర్ మొదలుపెట్టాడు. రెండేళ్లు తిరగకుండానే రియల్ మాడ్రిడ్ నుంచి పిలుపొచ్చింది. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్‌లో గోల్డ్ మెడల్ గెలిచిన స్పెయిన్ జట్టులో ఎన్రికే కూడా ఉన్నాడు.

ఒక్క పొజిషన్‌కే పరిమితం అయ్యే ఆటగాడు కాదు. మిడ్‌ఫీల్డ్, అటాక్, అవసరమైతే డిఫెన్స్.. ఎక్కడ పెట్టినా ఆడేవాడు. అలుపు లేకుండా పరిగెత్తడం అతడి స్పెషాలిటీ.

విరిగిన ముక్కు.. కనిపించని ఫౌల్

ఎన్రికే పేరు ప్రపంచమంతా తెలిసింది మాత్రం ఒక చేదు ఘటనతో. 1994 వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్. స్పెయిన్, ఇటలీ తలపడ్డాయి. మ్యాచ్ చివర్లో పెనాల్టీ బాక్స్‌లో ఇటలీ డిఫెండర్ మారో టసోటి మోచేత్తో కొట్టడంతో ఎన్రికే ముక్కు విరిగింది. ముఖం, జెర్సీ రక్తంతో తడిసిపోయాయి. రెఫరీ మాత్రం చూడలేదు. పెనాల్టీ ఇవ్వలేదు. 2-1తో ఓడి స్పెయిన్ ఇంటికొచ్చేసింది. తర్వాత వీడియో చూసి టసోటిపై 8 మ్యాచ్‌ల నిషేధం వేశారు. కానీ స్పెయిన్‌కి అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

మాడ్రిడ్ టు బార్సిలోనా.. డైరెక్ట్‌గా!

1995 జనవరిలో మాడ్రిడ్ 5-0తో బార్సిలోనాను ఓడించిన మ్యాచ్‌లో ఎన్రికే ఒక గోల్ కొట్టాడు. 1996లో కాంట్రాక్ట్ అయిపోగానే అదే బార్సిలోనాలో చేరిపోయాడు. స్పెయిన్ ఫుట్‌బాల్‌లో ఇంతకంటే పెద్ద గోడ దూకడం ఉండదు. మొదట్లో బార్సిలోనా ఫ్యాన్స్ అనుమానంగానే చూశారు. 8 సీజన్లు ఆడి, కెప్టెన్ కూడా అయ్యి వాళ్ల మనసు గెలుచుకున్నాడు. స్పెయిన్ తరఫున 62 మ్యాచ్‌లు, 12 గోల్స్, 3 వరల్డ్ కప్‌లు. 2004లో రిటైర్ అయ్యాడు.

రిటైర్ అయ్యాక ఖాళీగా కూర్చోలేదు. మారథాన్లు పరిగెత్తాడు. ఐరన్‌మ్యాన్ పోటీల్లో పాల్గొన్నాడు. సహారా ఎడారిలో రోజుల తరబడి సాగే పరుగు పందెంలోనూ దిగాడు.

కోచ్‌గా మొదటి దెబ్బ

2008లో గార్డియోలా బార్సిలోనా మెయిన్ టీమ్‌కి వెళ్లడంతో 'బి' టీమ్ బాధ్యత ఎన్రికేకి వచ్చింది. 2010లో ఆ కుర్రాళ్ల జట్టును రెండో డివిజన్‌కి చేర్చాడు.

2011లో ఇటలీ క్లబ్ రోమా పిలిచింది. గొడవ వెంటనే మొదలైంది. రోమా ఫ్యాన్స్‌కి ఫ్రాన్సెస్కో టొట్టి అంటే దేవుడితో సమానం. అలాంటి టొట్టిని స్లోవాన్ బ్రాటిస్లావాతో యూరోపా లీగ్ క్వాలిఫయర్లో మధ్యలోనే బయటికి పిలిచాడు. మ్యాచ్ డ్రా అయ్యి రోమా టోర్నీ నుంచే అవుట్. స్టేడియం మొత్తం ఈలలు, కేకలు. తర్వాత టీమ్ మీటింగ్‌కి లేటుగా వచ్చాడని డానియెల్ డి రోసీని పక్కన పెట్టాడు. ఆ మ్యాచ్ కూడా పోయింది. లీగ్‌లో ఏడో స్థానం. ఒక్క సీజన్‌తోనే రోమా కథ ముగిసింది.

తర్వాత 2013-14లో సెల్టా వీగోను తొమ్మిదో స్థానంలో నిలిపాడు. 2014లో బార్సిలోనా నుంచి కోచ్‌గా పిలుపొచ్చింది.

మెస్సీ బెంచ్‌పై..

2015 జనవరి 4. రియల్ సొసైదాద్‌తో మ్యాచ్. క్రిస్మస్ సెలవుల నుంచి ఆలస్యంగా తిరిగొచ్చిన మెస్సీ, నేమార్‌లను ఎన్రికే బెంచ్‌పై కూర్చోబెట్టాడు. బార్సిలోనా 1-0తో ఓడింది. ఇక రచ్చ రచ్చే! మెస్సీకి, కోచ్‌కి పడట్లేదంటూ వార్తలు. మర్నాడే క్లబ్ స్పోర్టింగ్ డైరెక్టర్ సుబిసరేటా ఉద్యోగం ఊడింది. తర్వాతి వంతు ఎన్రికేదే అనుకున్నారంతా.

అక్కడి నుంచి సీన్ రివర్స్. కుడివైపు మెస్సీ, మధ్యలో సువారెజ్, ఎడమవైపు నేమార్. ముగ్గురూ కలిసి ఆ సీజన్‌లో 122 గోల్స్ కొట్టారు. లీగ్, కోపా డెల్ రే, ఛాంపియన్స్ లీగ్.. మూడూ బార్సిలోనావే. ఒకే సీజన్‌లో ఈ మూడూ గెలిస్తే 'ట్రెబుల్' అంటారు. మొత్తం 3 సీజన్లలో 9 ట్రోఫీలు వచ్చాయి. 2017లో పీఎస్‌జీ చేతిలో 4-0తో ఓడి, రెండో మ్యాచ్‌లో 6-1తో గెలిచిన అద్భుతం కూడా ఎన్రికే హయాంలోదే. అప్పటికే సీజన్ చివర్లో వెళ్లిపోతున్నానని ప్రకటించేశాడు.

ఫుట్‌బాల్ పక్కకు వెళ్లిన రోజులు

2018లో స్పెయిన్ జాతీయ జట్టు కోచ్ అయ్యాడు. 2019 మార్చిలో మాల్టాతో మ్యాచ్‌కి ముందు ఉన్నట్టుండి జట్టును వదిలి ఇంటికెళ్లిపోయాడు. కారణం ఎవరికీ చెప్పలేదు. జూన్‌లో రాజీనామా చేశాడు.

ఆగస్టు 29న అసలు విషయం తెలిసింది. ఎన్రికే చిన్న కూతురు క్సానా ఎముకల క్యాన్సర్‌తో చనిపోయింది. 9 ఏళ్లు. 5 నెలల పాటు ఆ కుటుంబం మౌనంగా పోరాడింది.

2019 నవంబర్లో మళ్లీ బాధ్యతలు తీసుకున్నాడు. తర్వాత ఒక డాక్యుమెంటరీలో ఆ పాప గురించి మాట్లాడుతూ, తనను తాను దురదృష్టవంతుడిగా కాదు, చాలా అదృష్టవంతుడిగా భావిస్తానన్నాడు. పాప తమతో గడిపిన ఆ 9 ఏళ్లే అందుకు కారణమని చెప్పాడు. తీవ్ర అనారోగ్యంతో ఉన్న పిల్లల కుటుంబాలకు అండగా ఉండేందుకు ఎన్రికే దంపతులు క్సానా ఫౌండేషన్ పెట్టారు.

యూరో 2020 జట్టులో ఒక్క రియల్ మాడ్రిడ్ ఆటగాడు కూడా లేడు. సీనియర్ కెప్టెన్ రామోస్‌కి కూడా చోటివ్వలేదు. విమర్శలు వచ్చినా జట్టు సెమీస్ దాకా వెళ్లింది. 2022 వరల్డ్ కప్‌లో మాత్రం వెయ్యికి పైగా పాసులు ఇచ్చుకున్నా మొరాకోపై ఒక్క గోల్ కూడా రాలేదు. పెనాల్టీ షూటౌట్‌లో ఓటమి. రెండు రోజులకే పదవి పోయింది.

ఎంబాపేకి క్లాస్.. డెంబెలేకి షాక్

2023 జులైలో పీఎస్‌జీ కోచ్ అయ్యాడు. మెస్సీ, నేమార్ ఆ వేసవిలోనే వెళ్లిపోయారు. మిగిలింది ఎంబాపే. బంతి పోయినప్పుడు నువ్వు కూడా పరిగెత్తి డిఫెండ్ చేయాలంటూ, బాస్కెట్‌బాల్ స్టార్ మైకేల్ జోర్డాన్‌ను ఉదాహరణగా చూపి క్లాస్ తీసుకున్నాడు. ఆ సీన్ డాక్యుమెంటరీలో ఉంది. 2024లో ఎంబాపే కూడా రియల్ మాడ్రిడ్‌కి వెళ్లాడు. ఇష్టమొచ్చినట్టు తిరిగే ఆటగాడు లేడు కాబట్టి ఇకపై ఆట మొత్తం తన కంట్రోల్‌లో ఉంటుందన్నాడు ఎన్రికే.

చెప్పినంత ఈజీగా ఏమీ జరగలేదు. 2024 అక్టోబర్లో ఆర్సెనల్‌తో మ్యాచ్‌కి డెంబెలేను లండన్‌కే తీసుకెళ్లలేదు. క్రమశిక్షణే కారణం. పీఎస్‌జీ 2-0తో ఓడింది. గోల్స్ లేక జట్టు అల్లాడుతుంటే ఇదేం మొండితనం అన్నారు. 2025 జనవరిలో మాంచెస్టర్ సిటీపై 2-0తో వెనకబడి, చివరికి 4-2తో గెలవడమే టర్నింగ్ పాయింట్.

వింగ్‌లో ఆడే డెంబెలేను ఎన్రికే మధ్యలోకి మార్చాడు. సీజన్‌లో 35 గోల్స్ వచ్చాయి. ఫైనల్లో అదే డెంబెలే బంతి కోసం ఇంటర్ గోల్‌కీపర్ సోమర్ మీదికి పదే పదే దూసుకెళ్లాడు. ఎంబాపేని ఎన్రికే అడిగింది సరిగ్గా ఇదే. ఆ 5 గోల్స్‌లో 3 కొట్టింది 19 ఏళ్ల కుర్రాళ్లు డూయే, మయులు. 2025 బాలన్ డి'ఓర్ డెంబెలేకి దక్కింది. బెస్ట్ కోచ్ అవార్డు ఎన్రికేది.

అలాగని పీఎస్‌జీ చవక జట్టేం కాదు. ఖతార్ డబ్బు ఇప్పటికీ ఉంది. మారింది ఆ డబ్బుతో ఎవరిని కొంటున్నారన్నదే.

2015లో బెర్లిన్‌లో బార్సిలోనా గెలిచాక, 5 ఏళ్ల క్సానా తండ్రితో కలిసి మైదానంలో క్లబ్ జెండా పాతింది. పదేళ్ల తర్వాత మ్యూనిక్‌లో పీఎస్‌జీ ఫ్యాన్స్ ఆ దృశ్యాన్నే పెద్ద బ్యానర్‌గా గీసి ఎత్తారు. ఈసారి ఆ పాప చేతిలో ఉన్నది పీఎస్‌జీ జెండా.

ఎన్రికే కెరీర్ ఒక్క చూపులో

పుట్టింది: 1970 మే 8, గిహోన్, స్పెయిన్
ఆడిన క్లబ్‌లు: స్పోర్టింగ్ గిహోన్, రియల్ మాడ్రిడ్ (1991-96), బార్సిలోనా (1996-2004)
కోచ్‌గా: బార్సిలోనా బి, రోమా, సెల్టా వీగో, బార్సిలోనా, స్పెయిన్, పీఎస్‌జీ
ఛాంపియన్స్ లీగ్ టైటిళ్లు: 2015లో బార్సిలోనాతో, 2025లో పీఎస్‌జీతో
రికార్డు: రెండు వేర్వేరు యూరప్ క్లబ్‌లతో ట్రెబుల్ గెలిచిన రెండో కోచ్. మొదటి వ్యక్తి గార్డియోలా