బోస్టను బాతులు: ఒక బొమ్మల పుస్తకము

బాలుర బొమ్మల పుస్తకములు వాఙ్మయచరిత్రమునఁ జేర్పఁదగినవి కావని పండితులలోఁ గొందఱి తలంపు. అది సరికాదనుటకు అమెరికా చిత్రకారుఁడగు రాబర్టు మెక్‌క్లాస్కీ 1941 లోఁ బ్రకటించిన ‘మేక్ వే ఫర్ డక్లింగ్సు’ అను గ్రంథ మొక్కటి చాలును. బోస్టను నగరమున గూటికిఁ జోటు వెదకు బాతుల జంట కథ యిది. చార్లెసు నదీతీరమునఁ బుట్టిన యెనిమిది పిల్లలను దల్లి వీథుల వెంట నడపించుకొని పబ్లిక్ గార్డెను కొలనికిఁ గొనిపోవును. రక్షకభటులు బండ్ల నాపి వానికి దారి యిత్తురు. పిల్లల పేళ్లు జాక్, కాక్, లాక్ అని ఆంగ్లాక్షరక్రమమున సాగును. మన బడిపంతుళ్లు మెచ్చఁదగిన యుపాయము!

మాటలు కొలఁదియే, గ్రంథభారమెల్లఁ జిత్రములదే. మెక్‌క్లాస్కీ ప్రదర్శనశాలలోఁ బక్షుల దేహములను బరిశీలించెను. అది చాలక, న్యూయార్కులోని తన బసకు బ్రతికియున్న బాతులనే తెచ్చి, నేలపై వాని వెంటఁ బ్రాఁకుచు బొమ్మలు వ్రాసెను. ఇరుగుపొరుగువా రేమనుకొనిరో! కొన్ని పుటలలో నగరము మింటనుండి పక్షి చూచినట్లే కానవచ్చును. ముద్రణము కపిలవర్ణ మొక్కటితోనే. ఇది లోపమని నే ననను. రంగులు లేమిచేతఁ జూపు రేఖపై నిలుచుచున్నది.

1942 లో దీనికిఁ గాల్డెకాటు పతకము లభించెను. 1987 లో నాన్సీ షోన్ అను శిల్పకారిణి చేసిన తల్లిబాతు, పిల్లల కంచుబొమ్మలను ఆ యుద్యానముననే నిలిపిరి. 1991 లో వాని ప్రతిరూపములు మాస్కో చేరెను.