సూది కండలో ఉంది

భుజం దాకా ప్లాస్టిక్ గ్లౌజు, దాని మీదంతా సబ్బు నురగ. వేళ్లు దగ్గరికి చేర్చి మీరు జెర్సీ ఆవు మలద్వారంలోకి ఎడమ చెయ్యి పెడుతున్నారు. పేగు బిగుసుకుని మణికట్టును నొక్కుతోంది. తొందరపడకండి. వదులయ్యాక పేడ తీసేసి ఇంకా ముందుకు వెళ్లండి.

"ఈని నాలుగు నెలలైంది సార్. ఎదకే రావట్లేదు. ఆ సూదేదో వేసేయండి," అంటున్నాడు తోక పట్టుకున్న రైతు.

పేగు గోడ కింద గర్భసంచి. దాని పక్కన కుడి అండాశయం చిక్కింది. దాని మీద ఒక గడ్డ. నీటిబుడగైతే నొక్కితే లొంగేది. ఇది కార్జం ముక్కలా గట్టిగా ఉంది. కార్పస్ ల్యూటియం. అండం బయటపడిన చోట మిగిలిన కణాలే ఇలా గడ్డకట్టాయి. కోసి చూస్తే పసుపుపచ్చగా ఉంటుంది, పచ్చిమేతలోని కెరోటిన్ వల్ల. గేదెలో అంత పచ్చదనం కనబడదు.

ఇది ఉన్నంతకాలం ఎద రాదు. ఎదను ఆపే పని మీ వేళ్ల మధ్యే జరుగుతోంది. నెత్తురు కొలెస్ట్రాల్ మోసుకొస్తోంది. అవును, మనం గుండెజబ్బుల పేరు చెప్పి తిట్టుకునేదే. కణాలు దాన్ని లాక్కుని కొవ్వు బొట్లుగా దాచుకుంటున్నాయి. కావలసినంత మైటోకాండ్రియాలోకి పంపి ప్రొజెస్టిరోన్ తయారుచేస్తున్నాయి. ఆ హార్మోను నెత్తురులో ఉన్నన్నాళ్లూ మెదడు కొత్త ఎదను రానివ్వదు.

చూలు లేకపోతే ఎద తర్వాత 16, 17 రోజులకు గర్భసంచే ప్రోస్టాగ్లాండిన్ వదిలి ఈ గడ్డను చంపేస్తుంది. 21 రోజులకు మళ్లీ ఎద. కడుపులో పిండం ఉంటే ఆ దెబ్బ పడకుండా అడ్డుకుంటుంది. అంటే, గడ్డ బతికి ఉందంటే సాధారణంగా రెండు సంగతుల్లో ఒకటి. మూగ ఎద వచ్చిపోయినా ఎవరూ గమనించలేదు. లేదా ఆవు చూడిది.

"సెమన్ వేయించావా?"

"లేదు సార్, ఒట్టు."

చెయ్యి తీశారు. మందు సీసా అందించబోయిన ఇంటి కోడలిని దూరంగా ఉండమన్నారు. ఆమెకు ఏడో నెల. ఈ మందు చర్మంలోంచి కూడా లోపలికి పోతుంది. సిరంజిలో 2 మి.లీ. ప్రోస్టాగ్లాండిన్. సూది మెడ కండలో దిగింది.

గడపలోంచి ముసలమ్మ గొంతు: "నెల కిందట పక్కింటోళ్ల కోడె తాడు తెంపుకుని మన పాకలోకి వచ్చింది కదరా!"

ఆగండి.

బొటనవేలు కదపొద్దు.

మందు దిగితే వెనక్కి రాదు. రక్తనాళాలు ముడుచుకుంటాయి. కొలెస్ట్రాల్ మైటోకాండ్రియాకు చేరదు. కొవ్వు బొట్లు వాడకం లేక పేరుకుంటాయి. ఒక్క రోజులో ప్రొజెస్టిరోన్ పడిపోతుంది. పిండం ఉంటే పోతుంది.

ఉందా? నెల చూలు చేతికి తెలియదు. స్కానర్ అయితే చెప్పగలదు. మీ బండిలో లేదు.

సూది లాగండి. మూత పెట్టండి.

రైతు ముఖం మాడింది. "వేస్తే నాలుగైదు రోజుల్లో ఎదకొస్తుందన్నారుగా? పాలు తగ్గిపోతున్నాయి సార్."

"పదిహేను రోజులాగు. మళ్లీ చెయ్యి పెట్టి చూస్తా. అప్పటికి తెలుస్తుంది."

"ఈలోగా ఎదకొస్తే?"

"వెంటనే ఫోన్ చెయ్. సెమన్ వేద్దాం. ముందు ఆ కోడె ఏ రోజు వచ్చిందో అవ్వనడిగి రాసిపెట్టు."