ఉదయగిరి నీళ్లు: ట్యాంకు దగ్గర మనిషికి ట్రైనింగ్ ఎందుకు?

ఉదయగిరి అనగానే కోట గుర్తొస్తుంది కదా. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కోట. ఈ ఎపిసోడ్‌లో మాత్రం ఆ కొండల కింద నీళ్ల కథ చెప్పుకుందాం.

1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి ఒక వ్యాసం రాశారు. దాని టైటిల్‌లోనే నెల్లూరు జిల్లా పేరుంది! మన దేశంలో ఫ్లోరోసిస్ మీద మొదటి రిపోర్టుగా ఇప్పటికీ దాన్నే చెబుతారు. పళ్లకు గార, బిగుసుకుపోయిన కీళ్లు, వంగని నడుములు. కారణం ఎక్కడుంది? తాగే నీళ్లలోనే.

అప్పట్లో కనిగిరి, పొదిలి, దర్శి కూడా నెల్లూరు జిల్లాలోవే. 1970లో అవి కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి, అంటే ఇప్పుడు మనం చెప్పుకునే ప్రకాశంలోకి వెళ్లాయి. జిల్లా గీత మారింది గానీ భూమిలో రాయి మారలేదు. ఉదయగిరి, వరికుంటపాడు వైపు ఫ్లోరైడ్ బాధ అలాగే ఉండిపోయింది.

ఫ్లోరైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. కాచినా పోదు, పైగా నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. పరీక్ష చేస్తే తప్ప తెలియదు.

1970లలో నీరి సంస్థ నల్గొండ పద్ధతి తెచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మడ్డి కిందికి దిగాక పైనీళ్లు తీసుకోవడం. వినడానికి ఈజీ. కానీ పటిక ఎంత వేయాలి? అది ఆ నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్ మీద, క్షారత మీద ఆధారపడుతుంది. తక్కువేస్తే ఫ్లోరైడ్ మిగిలిపోతుంది. లెక్క తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. అంటే ఇక్కడ మెషీన్ కంటే మనిషే ముఖ్యం.

ఆత్మకూరు వైపు పెన్నా మీద సోమశిల డ్యామ్ ఉంది. రిజర్వాయర్ నీళ్లు వాడే చోట పాఠం వేరు: బురద, ఫిల్టర్, క్లోరిన్. చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. బోరు నీళ్ల పని నేర్చినవాళ్లకి ఇది దానంతటదే రాదు.

అమెరికాలో 1996 చట్ట సవరణ తర్వాత నీళ్ల ప్లాంటు నడిపేవాళ్లకి సర్టిఫికెట్ తప్పనిసరి చేశారు. అది రెన్యువల్ కావాలంటే మళ్లీ ట్రైనింగ్ తీసుకోవాలి. మన దగ్గర 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్, ఊరికి ఐదుగురు మహిళలకు కిట్‌తో నీళ్లు పరీక్షించడం నేర్పాలంది.

ఒక్క పని చేయండి. మీ ఊరి ట్యాంకు దగ్గర అన్నని అడగండి: "ఫ్లోరైడ్ పరీక్ష ఎప్పుడు చేశారన్నా? నీకు కిట్ ఇచ్చారా, నేర్పారా?" లేదంటే ఆయన్ని తిట్టొద్దు. పంచాయతీని అడగండి. 1937లోనే కారణం తెలిసిన జబ్బు ఇది. ఇంకా తెలియదంటే కుదరదు. ఉంటాను!