క్రిస్టీన్ బ్రూక్-రోజ్: ఒక అనువాదకురాలి నవలా ప్రయోగాలు

ఇంగ్లిషు నవలలో వ్యాకరణాన్నే కథావస్తువుతో ముడిపెట్టి రాసిన రచయిత్రి క్రిస్టీన్ బ్రూక్-రోజ్ (1923–2012). ఆమె పుట్టింది జెనీవాలో. తండ్రి ఆంగ్లేయుడు, తల్లివైపు అమెరికా, స్విట్జర్లాండ్ మూలాలు. తల్లిదండ్రులు విడిపోవడంతో బాల్యం బ్రసెల్స్‌లో గడిచింది. ఫ్రెంచి, ఇంగ్లిషు చిన్ననాటి నుంచీ వచ్చినవే. జర్మన్ తర్వాత నేర్చుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ జర్మనే ఆమెను బ్రిటిష్ గూఢచర్య కేంద్రమైన బ్లెచ్లీ పార్కుకు చేర్చింది. సంకేతభాష విప్పిన జర్మన్ సైనిక సందేశాలను చదివి, అందులో పనికొచ్చే సమాచారాన్ని తేల్చడం అక్కడి పని. ఇరవై ఏళ్ల వయసులో యుద్ధాన్ని రోజూ అవతలి పక్షం మాటల్లో చదివిన అనుభవం ఆమె నవలల్లో చాలాకాలం పలికింది.

యుద్ధం ముగిశాక ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ కళాశాలలోనూ, ఆపైన లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలోనూ చదివి 1954లో డాక్టరేటు పొందింది. 1958లో వచ్చిన 'ఎ గ్రామర్ ఆఫ్ మెటఫర్' ఆ చదువు ఫలం. చాసర్ నుంచి డిలన్ థామస్ దాకా పదిహేను మంది కవుల రూపకాలను ఆమె అందులో పరిశీలించింది. దేన్ని దేనితో పోల్చారన్నది కాకుండా, ఆ పోలిక నామవాచకంలో ఉందా, క్రియలో ఉందా, విభక్తిలో దాగిందా అన్నది ఆమె ప్రశ్న. తర్వాతి నవలలకు అసలైన పునాది ఈ విమర్శగ్రంథమే.

1957–61 మధ్య వచ్చిన నాలుగు నవలలు లండన్ మేధావుల జీవితం మీద చమత్కారంగా సాగే సంప్రదాయ రచనలు. వాటిలో 'ది డియర్ డిసీట్' ఒక్కటి వేరు: అది ఒక తండ్రి జీవితాన్ని మరణం నుంచి వెనక్కి నడిపిస్తుంది. 1962లో మూత్రపిండాల జబ్బుతో ఆమె చాలాకాలం మంచం పట్టింది. కోలుకున్నాక రాసిన 'ఔట్' (1964)తో పాత ధోరణి పూర్తిగా తెగిపోయింది. ఒక మహావిపత్తు తర్వాత తెల్లవాళ్లే రోగగ్రస్తులై, వర్ణవివక్షకు గురవుతూ పని కోసం దేబిరించే లోకం అందులోనిది. చనిపోయి మళ్లీ బతికిన మనిషి కథ 'సచ్' (1966)కు జేమ్స్ టెయిట్ బ్లాక్ బహుమతి దక్కింది.

అనువాదాలు వీటితోపాటే సాగాయి. స్పానిష్ నుంచి హువాన్ గోయ్‌తిసోలో నవలను 1958లోనే ఇంగ్లిషులోకి తెచ్చింది. ఫ్రెంచి 'నవ్య నవల'కు పెద్దదిక్కైన అలెన్ రాబ్-గ్రియే రచన 'ఇన్ ద లాబిరింత్' అనువాదానికి 1969లో ఆర్ట్స్ కౌన్సిల్ బహుమతి లభించింది. దీన్నిబట్టి ఆమెను రాబ్-గ్రియే శిష్యురాలిగా లెక్కగట్టినవారున్నారు. అది అన్యాయం. 'బిట్వీన్' (1968) ఒక్కటి చదివినా ఆమె దారి వేరని తెలుస్తుంది.

'బిట్వీన్' కథానాయిక దుబాసీ. సభల్లో ఒకరు మాట్లాడుతుండగానే ఆ మాటలను మరో భాషలో వినిపించడం ఆమె వృత్తి. విమానాలు, హోటల్ గదులు, సీసాల మీది చీటీలు, తలుపుల మీది రాతలు భాష తర్వాత భాషగా వాక్యం మధ్యలోనే మారిపోతుంటాయి. నవల మొత్తంలో 'టు బీ' క్రియ ఏ రూపంలోనూ రాదు. తెలుగు పాఠకుడికి ఇది పెద్ద విశేషమనిపించకపోవచ్చు. 'ఆమె దుబాసీ' అంటే మనకు వాక్యం పూర్తయినట్టే. ఇంగ్లిషులో మాత్రం ఆ రెండు మాటల మధ్య 'ఈజ్' లేనిదే వాక్యం నిలవదు. ఎప్పుడూ ఇతరుల మాటలే పలికే మనిషికి 'నేను ఫలానా' అని చెప్పుకునే క్రియే లేకుండా చేయడం కసరత్తు కాదు, ఆ పాత్ర స్థితే అది.

1968లో ఫ్రెంచి రచయిత్రి ఎలెన్ సిక్సూ ఆహ్వానం మీద పారిస్ వెళ్లి, వాన్‌సెన్‌లోని కొత్త విశ్వవిద్యాలయంలో 1988 దాకా బోధించింది. అప్పటి సాహిత్య సిద్ధాంతాల హోరంతా 'త్రూ' (1975)లోకి వచ్చింది. అచ్చుపేజీ మీద అక్షరాలు అడ్డంగా, నిలువుగా పరుచుకున్న ఆ పుస్తకం ఆమె రచనల్లోకెల్లా కష్టమైనది. పాఠకుణ్ని అది మరీ దూరం నెట్టిందనే చెప్పాలి. తొమ్మిదేళ్ల విరామం తర్వాత 'అమాల్గమెమ్నన్' (1984) వచ్చింది. ఉద్యోగం ఊడబోతున్న ఆచార్యురాలి ఆలోచనలన్నీ ఇందులో భవిష్యత్తులో, 'అయితే గియితే' అన్న ధోరణిలో నడుస్తాయి. జరిగిందని చెప్పే క్రియ ఒక్కటీ ఉండదు. ఆత్మకథాత్మకమైన 'రీమేక్' (1996)లో ఒక్క అధ్యాయం మినహా సర్వనామాలను తప్పించింది.

'నెక్స్ట్' (1998) లండన్ వీధుల్లో ఇల్లులేని మనుషుల నవల. ఇందులో తీసేసింది 'టు హ్యావ్' క్రియ. 'వాడికి ఇల్లుంది' అన్నప్పుడు మన వాక్యంలో కర్త ఇల్లు. ఇంగ్లిషులో కర్త మనిషి, ఇల్లు అతని చేతిలోని సొత్తు. ఏ సొత్తూ లేనివాళ్ల కథలో ఆ క్రియకు చోటివ్వకపోవడం కంటే సూటైన నిరసన మరొకటి ఉండదు.

ఈ నియమాలను సమీక్షకులు తరచూ గమనించనే లేదు. ఆ బాధను ఆమె 'ఇన్విజిబుల్ ఆథర్' (2002) వ్యాసాల్లో దాచుకోకుండా రాసి, ఒక్కో నవలలో ఏం వదిలేసిందో, ఎందుకు వదిలేసిందో స్వయంగా వివరించింది. వృద్ధాప్యంలో శరీరం ఒక్కో శక్తినీ కోల్పోవడాన్ని చిత్రించిన 'లైఫ్, ఎండ్ ఆఫ్' (2006) ఆమె చివరి నవల. 2012 మార్చిలో దక్షిణ ఫ్రాన్స్‌లో, అవిన్యోన్ దగ్గరి పల్లెలో ఆమె మరణించింది.