జప్తు: నాడు, నేడు

అప్పు ఇచ్చినవాడు అడగడం న్యాయం. తీసుకున్నవాడు తీర్చడం ధర్మం. ఇందులో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. కాని తీర్చలేని రోజు వచ్చినప్పుడు ఋణదాత చేయి ఎంతవరకు చాపవచ్చును, ఎక్కడ ఆగిపోవాలి అన్నది మాత్రం ఏ కాలంలోనూ తేలికగా తెగిన ప్రశ్న కాదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాల పల్లెలు ఈ ప్రశ్నను పుస్తకాలలో చదివినవి కావు, అనుభవించినవి. ఒకనాడు అక్కడ కళ్ళంలోని గింజల మీద జప్తు పడేది. నేడు చేతి ఫోనుతో నడిచే ఖాతా మీద పడుతున్నది. ఈ రెండింటి మధ్య నడచిన చరిత్రను ఈ ప్రసంగంలో స్థూలంగా మనవి చేస్తాము.

సాలార్‌జంగు 1853లో దివాను అయ్యేనాటికి హైదరాబాదు రాజ్యంలో శిస్తు వసూలును గుత్తకు ఇచ్చే ఆచారం ఉండేది. గుత్తదారు సాహుకార్ల వద్ద, అరబ్బు జమాదార్ల వద్ద సొమ్ము తెచ్చి సర్కారుకు కట్టి, తరువాత దానిని రైతు నుంచి రాబట్టేవాడు. అరబ్బులు, రోహిల్లాలు తమ బాకీదారులను తామే పట్టి బంధించేవారు. సాలార్‌జంగు గుత్త పద్ధతిని తొలగించి, జీతం తీసుకునే అధికారులను నియమించాడు. 1865లో జిలాబందీ ద్వారా జిల్లాలను ఏర్పరచాడు. న్యాయస్థానాలను బలపరచాడు. కాగితం మీద ఇది గొప్ప మార్పే. పల్లెలో మాత్రం దేశ్‌ముఖు, పటేలు, పట్వారీ మిగిలారు. లెక్క వారిదే, వసూలు వారిదే, చాలాచోట్ల అప్పు కూడా వారిదే.

ఆ అప్పు తరచు గింజల రూపంలో ఉండేది. విత్తనాల కాలంలో తెచ్చుకున్న గింజలకు కోతల కాలంలో గింజలే వడ్డీగా కొలవాలి. దానిని నాగు అనేవారు. అదీ తీరకపోతే మనిషే దొర ఇంట చాకిరీకి కుదరాలి. అట్టివానిని భగేలా అనేవారు. తండ్రి అప్పు కొడుకు మెడకు చుట్టుకునేది. ఇక్కడ జప్తు అయినది ఎద్దు కాదు, నాగలి కాదు, మనిషి. భగేలా ఒప్పందాలను నియంత్రిస్తూ నిజాం ప్రభుత్వం 1936లో ఒక శాసనం చేసింది. కాని ఊళ్ళో దానిని అమలు జరిపించగల పలుకుబడి ఉన్నవారే భగేలాలను ఉంచుకున్నవారు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లెవీ ధాన్యం వసూలు కూడా వీటికి తోడైంది. అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖు మాట చెల్లుబాటయ్యే రోజులవి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు భూమిలో పండించిన పంటను దేశ్‌ముఖు మనుషులు ఎత్తుకుపోవడానికి వచ్చారు. ఆంధ్ర మహాసభ సంఘం వారి అండతో ఆమె పంటను ఇంటికి చేర్చుకున్నది. 1946 జూలై 4వ తేదీన కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలియైనాడు. తెలంగాణ పోరాటం ఎందుకు రగిలిందని అడిగేవారికి భూమి అని మనం సమాధానం చెబుతాము. అది నిజమే. కాని దానిలో ఇంకొక మాట కూడా ఇమిడి ఉన్నది: ఏ బాకీ పేరు చెప్పినా సరే, ఇంటిల్లిపాది తినవలసిన గింజను కళ్ళంలోనే ఎత్తుకుపోరాదు.

చిత్రమేమంటే, ఈ మాటనే చట్టం కూడా తన భాషలో చెబుతున్నది. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 1951 ఏప్రిల్ 1 నుంచి హైదరాబాదు రాష్ట్రానికి వర్తించింది. దాని 60వ సెక్షను జప్తు చేయరానివాటిని పేర్కొంటుంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, మతాచారం ప్రకారం స్త్రీ శరీరం నుంచి తీయరాని ఆభరణాలు, చేతిపనివాని పనిముట్లు, రైతు జీవనానికి అవసరమైన పశువులు, వ్యవసాయ సాధనాలు, విత్తనాలు, సేద్యగాని నివాసగృహం అందులో ఉన్నవి. 62వ సెక్షను ప్రకారం సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు జప్తు కొరకు ఎవరి నివాసగృహంలోనూ ప్రవేశించరాదు. సొమ్ము డిక్రీ అమలులో స్త్రీని అరెస్టు చేయరాదు. ఇక మనిషినే తాకట్టుగా ఉంచుకునే వెట్టిచాకిరీని 1976 నాటి చట్టం దేశమంతటా రద్దు చేసి, దాని కారణమైన అప్పులను కూడా కొట్టివేసింది.

అయితే భూపాలపల్లి వంటి ప్రాంతంలో సంపద రూపం మారింది. అక్కడ సింగరేణి బొగ్గుగనులు వచ్చాయి. గింజ స్థానంలో నెల జీతం వచ్చింది. చట్టం దానినీ విస్మరించలేదు. కూలివాని వేతనం పూర్తిగా జప్తుకు రాదు. ఉద్యోగి జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు సామాన్య డిక్రీలకు అందవు. భార్యాబిడ్డల మనోవర్తి డిక్రీలకు లెక్క వేరు. భవిష్యనిధి సొమ్ముకు కూడా రక్షణ ఉన్నది.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాము. ఎద్దును చూస్తే ఎద్దని తెలుస్తుంది. విత్తనాల బస్తాను చూస్తే అమీనాకైనా తెలుస్తుంది. ఖాతాలో పడిన రూపాయి మీద మాత్రం అది కూలి డబ్బా, పింఛనా, వ్యాపార లాభమా అన్న గుర్తు ఉండదు. 2016లో యూపీఐ విధానం వచ్చిన తరువాత టీకొట్టులో, సంతలో, ఆటోలో కూడా ఫోను ద్వారానే సొమ్ము చేతులు మారుతున్నది. ఫోను కేవలం తలుపు; గాదె బ్యాంకులోని ఖాతాయే. బ్యాంకు తన ఖాతాదారునికి సొమ్ము బాకీ ఉన్నట్లు లెక్క. కాబట్టి ఋణదాత కోర్టుకు వెళ్ళి, ఆ సొమ్మును తనకు ఇప్పించమని కోరవచ్చును. దీనిని గార్నిషీ ఉత్తర్వు అంటారు. 1976 సవరణతో ఈ పద్ధతి కోడులో స్పష్టంగా చేరింది. పింఛను, భవిష్యనిధి సొమ్ము ఉద్యోగి చేతికి అందే వరకు రక్షణలోనే ఉంటాయని సుప్రీంకోర్టు 1976లో చెప్పింది. పదవీ విరమణ సొమ్మును బ్యాంకులో డిపాజిట్ వేసుకున్నంతమాత్రాన ఆ రక్షణ పోదని 2008లో మరొక అడుగు ముందుకు వేసింది. కాని ఆ సొమ్ము ఎక్కడిదో చూపవలసిన భారం ఆచరణలో ఖాతాదారుని మీదనే పడుతుంది.

పన్ను విషయంలోను ఇదే సూత్రం. ఫోనుకు సొమ్ము వచ్చినంతమాత్రాన పన్ను పుట్టదు. అది ఆదాయమా, అమ్మకమా అన్నదే ప్రశ్న. అన్న పంపిన సొమ్ము, అప్పుగా తెచ్చిన సొమ్ము ఆదాయం కావు. బకాయి రుజువైతే మాత్రం ఖాతా నుంచి నేరుగా వసూలు చేసే అధికారం ఆదాయపు పన్ను చట్టంలోను, 2017 నాటి వస్తుసేవల పన్ను చట్టంలోను పన్ను అధికారులకు ఇవ్వబడింది. చిన్న దుకాణదారు కూడా ఏ సొమ్ము దేనికి వచ్చిందో ఒక పుస్తకంలో వ్రాసుకోవడం అందువల్లనే మేలు.

2018 మే నెలలో రైతుబంధు సహాయం ఎకరాకు 4,000 రూపాయల చొప్పున మొదట చెక్కులుగా వచ్చింది. తరువాత నేరుగా ఖాతాలలో పడింది. ఖాతాలో పడిన ఆ సొమ్మును పాత బాకీలకు జమకట్టవద్దని ప్రభుత్వం బ్యాంకులకు చెప్పవలసి వచ్చింది. మహబూబాబాదు తండాలలోనైనా, జనగామ పల్లెలలోనైనా, విత్తనాల సొమ్ము బాకీలో కలిసిపోతే వానలు వచ్చి లాభమేమి?

కోర్టు మొగమే చూడని వసూళ్ళు మరొక రకం. సూక్ష్మఋణ సంస్థల ఒత్తిడి దుర్భరమైనప్పుడు 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అది తరువాత చట్టమైంది. రిజర్వు బ్యాంకు నియంత్రణలోని సంస్థలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. ఈలోగా 2022లో రిజర్వు బ్యాంకు కొన్ని హద్దులు గీసింది. సూక్ష్మఋణాల విషయంలో ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 గంటల తరువాత ఋణగ్రస్తులకు ఫోను చేయరాదన్నది. ఫోనులో అప్పు ఇచ్చే యాప్‌లు ఆ ఫోనులోని పేర్ల జాబితా జోలికి పోరాదన్నది. పూర్వం రాత్రివేళ ఇంట ప్రవేశించరాదన్న నియమానికి ఇది నేటి రూపం. తలుపు మారింది, గడప మారలేదు.

వడ్డీవ్యాపారి ఎవరి ఏటీఎం కార్డునైనా, రహస్య సంఖ్యనైనా తన వద్ద ఉంచుకుంటే దానికి ఏ చట్టమూ అండగా లేదు. అది పాత భగేలా పద్ధతికే కొత్త అవతారమని మా అభిప్రాయం. ఖాతా స్తంభించినదని కబురు వస్తే ముందుగా ఎవరి ఉత్తర్వు, ఏ బాకీకి అని బ్యాంకును అడగాలి. ఉత్తర్వు కోర్టుదైతే, ఆ సొమ్ము కూలిదో పింఛనో అయినప్పుడు ఆ సంగతి కోర్టుకు విన్నవించుకోవాలి. పాలకుర్తిలో ఐలమ్మకు తన పంట ఏదో తెలుసు. అందుకే అది నాది అని చెప్పగలిగింది. ఖాతాలోని రూపాయికి పేరు లేదు. దానికి పేరు చెప్పగలవాడు దాని యజమాని ఒక్కడే.